కుట్టుకి వదలని అంచు

ఇక కత్తెర పట్టుకోవద్దని డాక్టరు చెప్పగానే మాస్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఎన్నాళ్ళండీ?" అని. డాక్టరు మందుల చీటీ మీంచి తల కూడా ఎత్తలేదు. "ఎన్నాళ్ళని ఏముందమ్మా, ఇక వద్దు," అన్నాడు. టీలో చక్కెర వద్దని చెప్పినంత తేలిగ్గా అనేశాడు. కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయిందట. అరగదూ మరి! ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజుకి ఎనిమిది గంటలు ఆ వేలు కత్తెర కన్నంలోనే కాపురం చేసింది.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది కంపెనీ రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా చెలామణీ కాదు. రెడీమేడ్ బట్టలు కుట్టే ఆ కంపెనీలో, గుడ్డ కోసే పెద్ద బల్ల దగ్గర మాస్టరు స్థానానికి వచ్చిన మొదటి ఆడమనిషి ఆవిడే కాబట్టి అందరికీ మాస్టరమ్మే. కట్టుకున్న భర్త కూడా ఇరుగుపొరుగు వాళ్ళ ముందు "మా మాస్టరమ్మని అడిగి చెప్తానండీ" అంటాడు. అందులో వెటకారం ఎంతో, గర్వం ఎంతో ఆయనకే తెలియదు.

సూపర్‌వైజరు మంచివాడు. మంచివాళ్ళు చెడ్డ కబురు చెప్పేటప్పుడు ఎంత నసుగుతారో అంతా నసిగాడు.

"మాస్టరమ్మ గారూ, మెట్ల కింద ఫోటో గది ఉంది కదండీ. అక్కడ ఒక మనిషి కావాలి. ఇంటర్నెట్లో అమ్మడానికి మన బట్టల్ని ఫోటోలు తీస్తున్నాం కదా, ఆ ఫోటోలోంచి బట్టని ఒక్కదాన్నే వేరు చెయ్యాలి. అదీ కోయడమే అనుకోండి, కంప్యూటర్లో. నెల రోజులు చూద్దాం. వస్తే సరే. రాకపోతే..."

"రాకపోతే ఇంటికి. అంతేగా?"

"అంత మాట నేననలేదండీ."

"మీరు అనలేకపోతున్నారనే నేనన్నాను బాబూ."

డబ్బు గురించి కాదు ఆమె దిగులు. ఇద్దరు మనుషులు, సొంత ఇల్లు, గడిచిపోతుంది. భర్త రెండేళ్ళ కిందట పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. "ఇంక హాయిగా ఇంట్లో కూర్చోవే," అంటాడు. ఆయన హాయిగా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమె రెండేళ్ళుగా చూస్తూనే ఉంది. పొద్దున పేపరు, పదింటికి అదే పేపరు, మధ్యాహ్నం చప్పుడు చేస్తోందని ఫ్యానుతో తగవు, సాయంత్రం అదే పేపరులో చదవకుండా మిగిలిన టెండరు ప్రకటనలు. ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ తనకోసం వేసి ఉన్నట్టనిపించి మాస్టరమ్మకి ఒళ్ళు జలదరించింది. పని లేకపోతే తనెవరో తనకే తెలియదు. ఈ సంగతి పైకి ఎవరితోనూ అనలేదు గానీ, నెల రోజుల్లో తేలాల్సింది అదే.

ఫోటో గదిలో ఒక మూల తెల్లటి పరదా, దాని ముందు బట్టలు తొడగడానికి తలలేని ప్లాస్టిక్ బొమ్మ, రెండు పెద్ద దీపాలు. ఇంకో మూల మూడు కంప్యూటర్లు. కిటికీ ఉంది గానీ అది పక్క గోడకేసి తెరుచుకుంటుంది. ఆ గదికి పెద్ద ఒక అమ్మాయి. ఇరవై ఆరేళ్ళుంటాయి, మొహం కంటే కళ్ళద్దాలు పెద్దవి. మాస్టరమ్మ మనసులో ఆ పిల్లకి కళ్ళద్దాలు అని పేరు పెట్టేసుకుంది.

"రండి ఆంటీ, ఇక్కడ కూర్చోండి," అంది కళ్ళద్దాలు.

ఆంటీ! అరవై మంది టైలర్లు మాస్టరమ్మా అంటూ వెనకాల తిరిగిన మనిషిని పట్టుకుని ఆంటీ! ఆవిడ ఆ మాటని గుటుక్కున మింగి కూర్చుంది.

కుడి బొటనవేలు మౌస్ మీద కూడా నిలవలేదు. సరే, ఎడమ చేత్తో పట్టుకుంది. ఎడమ చేతికి అంతవరకూ తెలిసిన పనల్లా గుడ్డ కదలకుండా నొక్కి పట్టుకోవడమే. అది మౌస్‌ని కూడా అలాగే నొక్కి పట్టుకుంది. తెర మీద బాణం గుర్తు ఉన్నచోటే ఉండిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. కోసేవాళ్ళు పరిచిన గుడ్డని కదపరు, పొరలు జరిగిపోతాయి. తామే బల్ల చుట్టూ తిరుగుతారు. అందుకని తెర మీది చొక్కాకి ఎడమ భుజం అయ్యాక మాస్టరమ్మ లేచి, కుర్చీ చుట్టూ తిరిగి, కంప్యూటర్ కుడిపక్కకెళ్ళి నిలబడింది.

"ఎక్కడికి ఆంటీ?"

"రెండో భుజం ఇటుంది కదమ్మా."

కళ్ళద్దాలు నవ్వు ఆపుకోడానికి అద్దాలు తీసి తుడుచుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

మొదట మంత్రదండంలాంటి పనిముట్టు ఒకటి చూపించింది. ఒక్కచోట నొక్కితే చాలు, ఆ రంగున్న మేరంతా అదే పట్టుకుంటుంది. మాస్టరమ్మ తెల్ల చొక్కా వెనక ఉన్న పరదా మీద నొక్కింది. పరదాతో పాటు కాలరు సగం, జేబు మొత్తం ఎగిరిపోయాయి. "దీనికి గుడ్డకీ గోడకీ తేడా తెలియదా?" అని మూతి విరిచింది. తర్వాత పెన్ టూల్ వచ్చింది. ఇది నచ్చింది. అంచు వెంట చుక్క, చుక్క తర్వాత చుక్క, వంపు ఉన్నచోట గీతని పట్టుకుని వంచడం. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నట్టే ఉంది. చంక దగ్గర వంపు ఎలా తిరగాలో ఆ పిల్ల చెప్పబోతే మాస్టరమ్మ వద్దంది. చంక వంపు ఆమెకి ఒకరు చెప్పేదా?

వారం గడిచేసరికి నలభై ఎనిమిది చొక్కాలు పూర్తి చేసింది. నలభై తొమ్మిదో దాని మీద ఉండగా కళ్ళద్దాలు వచ్చి ఆ నలభై ఎనిమిదింటినీ తెల్ల కాగితంలాంటి తెర మీద పక్కపక్కన పరిచింది.

"ఆంటీ, ప్రతి చొక్కా చుట్టూ ఈ బూడిదరంగు అంచేంటి?"

మాస్టరమ్మ వంగి చూసింది. నిజమే. చొక్కా చుట్టూ పరదా నీడ సన్నగా, ఎక్కడా హెచ్చుతగ్గు లేకుండా, స్కేలు పెట్టి గీసినట్టు మిగిలింది. నలభై ఎనిమిదింటికీ ఒకే కొలత.

"కుట్టుకి వదిలాను," అంది.

"దేనికి?"

"కుట్టుకమ్మా. గీత మీద కోస్తే కుట్టేవాళ్ళకి ఏం మిగులుతుంది? ఎప్పుడైనా గీతకి బయట అరంగుళం వదిలే కొయ్యాలి."

"ఆంటీ, ఇక్కడ ఎవరు కుడతారు?"

గదిలో మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. కెమెరా దగ్గరున్న అతను ప్లాస్టిక్ బొమ్మ భుజం పట్టుకుని మరీ నవ్వాడు. మాస్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. తనూ నవ్వేస్తే సరిపోయేది గానీ ఆ నవ్వు మూడు రోజుల తర్వాత గానీ రాలేదు. వచ్చాక మాత్రం వంటింట్లో ఒక్కతే నిలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. భర్త పేపరుతో సహా పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు. చెప్తే ఆయనకి అర్థం కాలేదు. "వదిలితే మంచిదేగా, ఎందుకైనా పనికొస్తుంది," అన్నాడు. పాపం, ఆయన ఒక్కడే ఆమె పక్షం.

నవ్వడం సరే, చేతిని మార్చుకోవడం మాటలా? "గీత మీద కాదు, గీత లోపలికి ఒక్క రవ్వంత రావాలి," అంటుంది కళ్ళద్దాలు. లోపలికి! గీత దాటి గుడ్డలోకి కత్తెర పెట్టడమంటే ఆవిడ చేతికింద నేర్చుకున్నవాళ్ళకి తిట్లు పడిన తప్పు అది. చుక్క పెట్టబోయేసరికి వేలు దానంతటదే బయటికి జరిగేది. నొక్కే ముందు ఊపిరి బిగబట్టేది. గంటకి నాలుగు చొక్కాలు కూడా అయ్యేవి కాదు. పక్క కంప్యూటర్లో పాతిక అయ్యేవి.

రెండో వారంలో ఒకరోజు కళ్ళద్దాలు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నొక్కే ముందు ప్రతిసారీ ఊపిరి ఎందుకు ఆపేస్తున్నారు? పోతే ఏమవుతుంది?"

"కోసేస్తే పోతుంది కదమ్మా."

"పోదు. చూడండి." ఆ పిల్ల చొక్కా చెయ్యి ఒకటి నిలువునా నరికేసింది. మాస్టరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. ఆ పిల్ల కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కింది. చెయ్యి మళ్ళీ వచ్చి చొక్కాకి అతుక్కుంది. కుట్టు లేదు, మచ్చ లేదు.

"మళ్ళీ చెయ్యి," అంది మాస్టరమ్మ.

మళ్ళీ చేసింది. మళ్ళీ వచ్చింది.

"ఇంకోసారి."

నాలుగోసారి అయ్యాక మాస్టరమ్మ వెనక్కి ఆనుకుని, అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. మాస్టరు అయిన కొత్తలో, నలభై పొరలు పరిచిన పట్టులాంటి గుడ్డ మీద, చెయ్యి ఆకారంలో కత్తిరించిన అట్టని రెండో చేతికి తిప్పి వెయ్యడం మర్చిపోయింది. అన్నీ ఎడమ చేతులే కోసేసింది. నలభై జాకెట్లకి ఎనభై ఎడమ చేతులు. కుడి చెయ్యి ఒక్కటి లేదు. ఇంక గుడ్డ మిగల్లేదు, ఆ రంగు మళ్ళీ దొరకలేదు. అప్పటి యజమాని తిట్టలేదు, ఏమీ అనలేదు. ఆ చేతుల్ని మూట కట్టించి పక్కన పెట్టించాడంతే. ఆ రోజునుంచీ కత్తెర మూసే ముందు ప్రతిసారీ ఆవిడ ఊపిరి ఆగుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళయింది.

కళ్ళద్దాలు ఈసారి నవ్వలేదు. "అయితే మీకు రబ్బరు వద్దు," అంది. "రబ్బరుతో తుడిచింది, ఫైలు మూసేస్తే ఇంక రాదు. మాస్క్ నేర్చుకోండి. ఇందులో కోసేదేం ఉండదు. అక్కర్లేనిదాన్ని దాచడమే. నల్లరంగు పూస్తే దాక్కుంటుంది, తెల్లరంగు పూస్తే బయటికొస్తుంది. ఏడాది తర్వాత తెరిచినా అక్కడే ఉంటుంది."

కోయకుండా కోయడం! మాస్టరమ్మకి ఇది మోసంలా అనిపించింది, మహాప్రసాదంలా కూడా అనిపించింది. ఆ మధ్యాహ్నమంతా ఒక గౌను అంచుని దాచడం, బయటికి తీయడం, దాచడం, బయటికి తీయడం. చిన్నపిల్లలు మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఆడుకునే ఆట ఎంతసేపు ఆడినా విసుగు రాదు చూడండి, అలా. సాయంత్రానికి చూసుకుంటే ఊపిరి మామూలుగా ఆడుతోంది.

అక్కణ్ణుంచి పని అందుకుంది. మూడో వారానికి గంటకి పన్నెండు. చొక్కా అంచుకి లోపల రవ్వంత, ఎక్కడా బూడిదరంగు లేదు. తెల్ల గుడ్డ తెల్ల పరదాలో కలిసిపోయి మిగతావాళ్ళు చేతులెత్తేసినచోట, ఆవిడ కళ్ళు చికిలించి "మడత ఇక్కడ తిరుగుతుంది, అంచు ఇక్కడే ఉండాలి" అని గీసేది. దీపం తిప్పి ఫోటో మళ్ళీ తీస్తే అంచు సరిగ్గా అక్కడే ఉండేది. కెమెరా అతను బొమ్మ భుజం వదిలేసి చూసేవాడు. కళ్ళద్దాలు ఒకరోజు ఆంటీ అనబోయి ఆగి "మాస్టరమ్మా" అంది. ఆవిడ విననట్టే ఊరుకుంది గానీ, ఆ రోజు ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

నాలుగో వారంలో అరవై గౌన్లు వచ్చాయి. పెద్ద దుకాణం ఒకటి కుట్టించుకున్నవి. చొక్కాల్లా తేలిక కాదు, అంతా కుచ్చిళ్ళే, అయినా మూడు రోజుల్లో అరవయ్యీ ఆవిడే చేసింది. చివర్లో అన్నింటినీ చిన్న బొమ్మలుగా పరిచి చూసుకుంటే, ప్రతి గౌను చేతుల చివర సన్నగా దారాలు వేలాడుతున్నాయి. వేలాడే దారం కంటబడితే ఊరుకునే చెయ్యి కాదది. కంపెనీలో కుట్టు పూర్తయిన ప్రతి బట్టనీ తిప్పి చూసి, దారం కనబడితే టక్కున కత్తిరించాకే బయటికి పంపుతారు. కుట్టేవాళ్ళు ఇంత నిర్లక్ష్యమా అని గొణుక్కుంటూ పెద్దవి చేసి చూడకుండానే నూట ఇరవై చేతుల దారాలూ కనబడకుండా చేసి, ఫైళ్ళు మూసి, పంపించేసింది.

నెలకి ఇంకో రోజు మిగిలి ఉందనగా, పొద్దున్నే సూపర్‌వైజరు ఫోటో గదికి వచ్చాడు. ఆయన ఎప్పుడూ తలుపు దగ్గర ఆగి పలకరించి లోపలికొస్తాడు. ఇవాళ ఆగలేదు.

"గౌన్ల ఫోటోలు ఎవరు చేశారు?"

"నేనేనండీ," అంది మాస్టరమ్మ, మెచ్చుకోడానికే వచ్చాడనుకుని.

"చేతికి కట్టుకునే తాళ్ళేవండీ? ఆ గౌనుకి అందమే ఆ తాళ్ళు. దుకాణంవాళ్ళు ఫోన్ మీద ఫోన్. సాయంత్రం ఆరింటికి అమ్మకానికి పెడుతున్నారట."

మాస్టరమ్మకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తాళ్ళు. దారాలు కావు, తాళ్ళు. అవి బయటినుంచి తయారై వస్తాయి, కుట్టేచోట తగిలిస్తారు. కోసే బల్ల మీదికి ఏనాడూ రాలేదు. ఆవిడ వాటిని చేత్తో పట్టుకుని చూసిందే లేదు.

"మళ్ళీ ఫోటోలు తీసేద్దామండీ," అంది.

"గౌన్లు నిన్ననే లారీలో వెళ్ళిపోయాయి."

"కెమెరా కార్డు కూడా తుడిచేశాం," అన్నాడు కెమెరా అతను నెమ్మదిగా. "కొత్త సరుకు ఫోటోలకి కావాలని."

 మాస్టరమ్మ కుర్చీ చేతిని పట్టుకుని అలాగే నిలబడింది. సూపర్‌వైజరు కోప్పడలేదు. అందుకే ఇంకా భయం వేసింది. ఏమీ అనని మనుషుల్ని ఆవిడ ఇదివరకే చూసింది. ఇక రేపు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, తనే సంచీ తీసుకుని వెళ్ళిపోవడం మర్యాద అనుకుంది. ఇంటి దగ్గర ఆ రెండో కుర్చీలో ఎటువైపు తిరిగి కూర్చోవాలో కూడా ఆలోచన వచ్చేసింది.

కళ్ళద్దాలు లేచి నిలబడింది. "తప్పు నాది కూడా సార్. నేను చూసే పంపాను. దుమ్ముకీ దారాలకీ మేమంతా రబ్బరే వాడతాం, తొందరగా అయిపోతుందని. తుడిచేశాక ఫైలు మూసేస్తే ఇంక..."

"నేను రబ్బరు వాడలేదు," అంది మాస్టరమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"దారం ముక్కకి కూడానా?" అంది కళ్ళద్దాలు.

"నువ్వే కదమ్మా రబ్బరు వద్దన్నావు. దాచాను. అన్నీ దాచాను." చెప్తుండగా ఆవిడకే వెలిగింది. గబుక్కున కూర్చుని మొదటి గౌను తెరిచింది. బ్రష్షు సన్నగా చేసుకుని, తెల్లరంగు తీసుకుని, గౌను చెయ్యి చివర ఏమీ లేనిచోట మెల్లగా రాసింది.

ముందు ముడి కనబడింది. తర్వాత తాడు, మెలి తిరిగిన రెండు పోగులతో సహా, కింద చిన్న కుచ్చు దాకా దిగింది.

"అమ్మయ్య!" అన్నాడు సూపర్‌వైజరు. అంత గట్టిగా ఆయన అరవగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. కళ్ళద్దాలు అక్కడే బల్ల మీద కూలబడింది.

"చెరి ముప్పై చేద్దాం మాస్టరమ్మా," అంది ఆ పిల్ల తేరుకుని.

"వద్దమ్మా. నేను దాచినవి, నేనే తీస్తాను."

నూట ఇరవై తాళ్ళు. తాడు పక్కన పరదా రవ్వంత కూడా బయటపడకూడదు. ఒక్కో తాడుకీ లోపలికి, లోపలికి, గీత మీద కూడా కాదు. మధ్యాహ్నం కళ్ళద్దాలు బిస్కెట్లు తెచ్చి పక్కన పెడితే అవి టీలో నానకుండానే మెత్తబడిపోయాయి. ఆవిడ చెయ్యి ఆగలేదు. నలభై అయ్యాక ఊపిరి మామూలుగా ఆడింది. యాభై అయ్యాక ఆకలేసింది. ఐదుంపావుకి అరవయ్యో గౌనుకి రెండో తాడు కూడా దిగింది. కళ్ళద్దాలు అన్నింటినీ పెద్దవి చేసి, అంచు అంచూ చూసి పంపింది. ఆరింటికి పది నిమిషాలుందనగా దుకాణం నుంచి అందాయని కబురొచ్చింది.

సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి తలుపు దగ్గర ఆగాడు.

"మాస్టరమ్మ గారూ, ఫోటో గది వాళ్ళకి ఎనిమిదిన్నరకే పని మొదలు. మీరు ఇన్నాళ్ళూ తొమ్మిదికి వస్తున్నారు. ఇలాగైతే కుదరదు."

"రేపటితో నెల అయిపోతుంది కదండీ."

"అందుకే చెప్తున్నా. ఎల్లుండి నుంచైనా ఎనిమిదిన్నరకి రండి. రిజిస్టర్లో మీ పేరు ఈ గదికి మార్చి వారమైంది. నెల చివర చెబుదామని ఊరుకున్నాను."

వారమైందా! ఈ వారమంతా తను మనసులో ఆ రెండో కుర్చీలో కూర్చుని లేచిన సంగతి ఈ మంచివాడికేం తెలుసు! తిడదామని నోరు తెరిచింది. బదులుగా కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆపుకుందామంటే ఆగలేదు, తెర మీద అరవై గౌన్లూ అలుక్కుపోయాయి.

సూపర్‌వైజరు కంగారుపడిపోయాడు. "అయ్యయ్యో, ఎందుకండీ ఏడుస్తారు? అన్నీ తిరిగొచ్చాయి కదా!"

"అందుకే బాబూ," అంది మాస్టరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ముప్పై ఒక్క ఏళ్ళు కోశాను. కోసింది తిరిగి రావడం ఇదే మొదటిసారి."